తోక ఉన్న చాకు

కోత బల్ల దగ్గర
జనవరి 9

అత్తకు,

నువ్వు క్షేమంగానే ఉంటావు. నీ జోలికి వచ్చినవాళ్ళ క్షేమం గురించే అడగాలి. నేను మాత్రం మండిపోతున్నాను, కాబట్టి కుశల ప్రశ్నలు ఇంకో ఉత్తరంలో.

మా గుడారాల కార్ఖానాకి కొత్త మేనేజరు వచ్చాడు. సన్నగా, నిటారుగా, చొక్కా మీద ఒక్క ముడత లేకుండా ఉంటాడు. చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు. అందరం రూళ్ళకర్ర అంటున్నాం. ఆయన వచ్చిన మూడో రోజున ప్యాకింగు గదిలో ఒక పెద్దమనిషి, మనవలు ఉన్నవాడు, టీ తాగుతూ నలుగురికీ గొప్ప చూపించబోయాడు. తన చాకు ఒంటి చేత్తో తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి జారవిడిచి కాలి బొటనవేలి మీద వేసుకున్నాడు. మూడు కుట్లు పడ్డాయి. సాయంత్రానికల్లా గోడ మీద కాగితం వెలిసింది. ఒంటి చేత్తో తెరుచుకునే చాకులు ఇకమీదట ఎవరి దగ్గరా ఉండకూడదట.

ఆ పెద్దమనిషి కాలి వేలికి నేను చేసిన అపకారం ఏమిటో నాకు తెలియదు గాని, నా తోక చాకు కూడా పోయింది. అవును, నా దగ్గర ఒకటుంది. నాలుగేళ్ళ కింద బజార్లో కొన్నాను. తిడతావని నీకు చెప్పలేదు. నువ్వు వాటిని ఎరగనట్టు నటిస్తావు కాబట్టి నేనే వర్ణిస్తాను. మూసి ఉన్నప్పుడు పిడి వెనక చిటికెనవేలి గోరంత ఉక్కు ముక్క బయటికి పొడుచుకొని ఉంటుంది. అదే తోక. చూపుడువేలితో నొక్కితే బ్లేడు గిర్రున తిరిగి టక్కున నిలబడుతుంది. తెరుచుకున్నాక ఆ తోకే కిందికి వచ్చి, వేలు పదును మీదికి జారకుండా అడ్డు నిలబడుతుంది. ఇంత బుద్ధిగల వస్తువుని రూళ్ళకర్ర ఒక కవర్లో వేసి, దాని మీద నా పేరు రాసి, తన సొరుగులో పెట్టుకున్నాడు.

దానికి బదులు కంపెనీ వాళ్ళు గోటి గాడి చాకులు పంచారు. చెక్క పిడి, బ్లేడు మీద ఒక గాడి. ఒక చేత్తో పిడి పట్టుకొని, రెండో చేతి గోరు గాడిలో దూర్చి లాగాలి. ఇదంతా ఎవరికి చెబుతున్నాను, ముప్పై ఏళ్ళుగా నువ్వు చేసేవి అవేగా.

అందుకే అడుగుతున్నాను. నాకొక తోక చాకు చేసిపెట్టు. బజారు సరుకు కాదు, నీ చేతి పని. దాన్ని ఆట వస్తువని ఎవడూ అనలేని చాకు కావాలి. ఆ తరవాత రూళ్ళకర్ర సంగతి నేను చూసుకుంటాను.

నీ మేనకోడలు,
కందిరీగ


చాకుల కొట్టు, సానరాయి పక్కన నిలబడి రాస్తున్నది
జనవరి 17

కందిరీగా,

మీ రూళ్ళకర్ర నాకు నచ్చాడు. నా కొట్టుకి వస్తే టీ ఇస్తాను.

తోక చాకు చేయను. నువ్వు అడిగినా చేయను, మీ నాన్న అడిగినా చేయను. నా తమ్ముడు నోరు తెరిచి ఏదీ అడగడు కాబట్టి ఆ బెంగ లేదు. తోక చాకు కొనేవాడు కోయడానికి కొనడు, నలుగురిలో టక్ అనిపించడానికి కొంటాడు. ఈ వీధిలోనే చూస్తున్నాను. బస్సు కోసం నిలబడి టక్, ఫోను మాట్లాడుతూ టక్. వాడి చేతిలో ఉన్నది చాకో గిలక్కాయో వాడికే తెలియదు. తోక ఉన్నవన్నీ ఎప్పుడో ఒకప్పుడు జాడిస్తాయి.

గోటి గాడి చాకుకి మర్యాద ఉంది. రెండు చేతులూ దాని దగ్గరికి రావాలి. రెండు చేతులూ వచ్చాయంటే కళ్ళు కూడా అక్కడే ఉంటాయి. అప్పుడు ఇష్టం ఉన్నా లేకపోయినా మనిషి చేసే పని మీదే ఉంటాడు. నేను ముప్పై ఒక్కేళ్ళలో చేసిన చాకులేవీ ఎవడి కాలి మీదా పడలేదు.

నువ్వు కంపెనీ చాకు తెరవలేక విసుక్కుంటున్నావంటే అది నీ తప్పు కాకపోవచ్చు. ఫ్యాక్టరీ ఇరుసులు బిగుసుకొని ఉంటాయి. దాన్ని నాకు పంపించు. ఇరుసు వదులు చేసి, సానబెట్టి, వెన్నలా తెరుచుకునేట్టు చేసి పంపుతాను. ఆ తరవాత తోక ఊసెత్తితే నీ తోకే కత్తిరిస్తాను.

ఉదయం నుంచి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. ఇక ఆపుతాను.

అత్త


కోత బల్ల దగ్గర
ఫిబ్రవరి 2

అత్తా,

కాళ్ళు లాగుతున్నాయని ప్రతి ఉత్తరంలో రాస్తావు. నీ కొట్లో ఒక్క పీట కూడా ఎందుకు లేదు? చిన్నప్పుడు సెలవులకి వచ్చి సానరాయి కింద నేల మీద కూర్చునేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్ళు నిలబడే బేరమాడేవాళ్ళు, నువ్వు నిలబడే తినేదానివి. ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంది. నీ కింది సొరుగులో, నూనె గుడ్డలో చుట్టి ఒక చాకు ఉండేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. విప్పి చూశాను. దానికి తోక ఉంది. వేలు పెట్టబోయేసరికి నా చేతి మీద ఒక్కటిచ్చి లాక్కున్నావు. పిడి మీద చెక్కిన పువ్వు నీ చేతి పనే. తోక ఉన్నవి గిలక్కాయలైతే ఆ గిలక్కాయ ఎవరి కోసం చేశావు?

నేను బస్సు దగ్గర నిలబడి టక్ అనిపించేదాన్ని కాదు. మా బల్ల మీద గుడ్డ మూడు పొరలుగా పరిచి ఉంటుంది, బిగించి. ఎడమ చెయ్యి ఆ మడత మీద నుంచి లేచిందంటే పొరలు జరుగుతాయి, కోత వంకర పోతుంది. ఎడమ చెయ్యి గుడ్డ మీద ఉండగానే కుడి చేత్తో చాకు తీసి, తెరిచి, కోసి, మూసి జేబులో పెట్టాలి. నీ మర్యాద చాకుకి రెండు చేతులూ కావాలి, మరి నా గుడ్డని ఎవరు పట్టుకుంటారు? నువ్వా?

అయినా కారణాలన్నీ నీకెందుకు చెబుతున్నాను. నాకు ఇష్టం. తోక వేలికి తగిలినప్పుడు ఇష్టం, బ్లేడు నిలబడ్డప్పుడు వచ్చే చప్పుడు ఇష్టం. ఒక మనిషికి చీర రంగు ఇష్టమైతే ఎందుకని ఎవరూ అడగరు. చాకు దగ్గరికి వచ్చేసరికి అందరికీ సంజాయిషీ కావాలి.

కంపెనీ చాకు పంపుతున్నాను. తుడిచే పంపాను. అది వచ్చేదాకా పక్క బల్ల ఆవిడది అరువు తీసుకుంటాను. వెన్నలా చేసినా సరే, నాకు కావలసింది అది కాదు.

కందిరీగ


చాకుల కొట్టు
ఫిబ్రవరి 11

కందిరీగా,

చాకు అందింది. బ్లేడుకి ఏమీ కాలేదు. పదును బాగానే ఉంది, ఇరుసు కూడా నేననుకున్నంత బిగువుగా లేదు. ఏడేళ్ళ పిల్లకైనా తెరుచుకుంటుంది.

పిడి చివర మాత్రం గాట్లు ఉన్నాయి. మొదట ఎలుక అనుకున్నాను. తరవాత భూతద్దం పెట్టి చూశాను. పైన రెండు, మధ్యలో బియ్యపు గింజ పట్టేంత సందు. ఆ సందు నాకు తెలుసు. మా అమ్మకి ఉండేది, మీ నాన్నకి ఉంది, నాకుంది, నీకుంది. నువ్వు పిడిని పళ్ళతో కరిచి పట్టుకొని, కుడి చేతి గోరుతో బ్లేడు లాగుతున్నావు. ఒకసారి కాదు, ఆ గాట్ల లోతు చూస్తే రోజూ, రోజుకి ఎన్నోసార్లు.

నీ ఎడమ చేతికి ఏమైంది?

అత్త


చాకుల కొట్టు
మార్చి 6

ఉత్తరం అందలేదా, లేక మొహం చాటేస్తున్నావా? చాకు నా దగ్గరే ఉంది. జవాబు వచ్చేదాకా పంపను.

అత్త


ఇల్లు, వంటగది కిటికీ గట్టు మీద
మార్చి 30

అత్తా,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు జవాబులు రాసి నాలుగూ చింపేశాను. మొదటి దాంట్లో ఎలుక అనే రాశాను.

అక్టోబరులో గుడ్డ చుట్ట ఒకటి పై అర మీద నుంచి దొర్లి నా ఎడమ మణికట్టు మీద పడింది. నేనే సరిగ్గా కట్టలేదు. వాపు వారంలో తగ్గింది. బొటనవేలికి, చూపుడువేలికి మాత్రం పట్టు రాలేదు. అరచెయ్యి నొక్కి పట్టగలదు. వేళ్ళతో పట్టి లాగమంటే లాగలేదు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. నరం నలిగింది, ఏడాదిలో రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరు. ఆ మాట ఆవిడ పెన్ను మూత పెడుతూ అన్నారు.

ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా. ఎందుకంటే మా కార్ఖానాలో చేతికి ఏదైనా అయినవాళ్ళని మడత బల్లకి పంపుతారు. అక్కడ కోసిన గుడ్డ మడవాలి, రింగులు లెక్కపెట్టి సంచుల్లో వేయాలి. చెడ్డ పనేమీ కాదు. కాని నేను పదకొండేళ్ళు కోత బల్ల దగ్గర నిలబడ్డాను. అంగడి పందిళ్ళు, పడవల కప్పులు, ఆసుపత్రి గుడారాలు, ఊళ్ళో ఏది నిలబడి ఉన్నా దాని మొదటి కోత నాది. అక్కడి నుంచి కదిపితే నేనేమిటో నాకు తెలియదు.

తోక చాకు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. అది పోయాక అందరూ గుడ్డ వైపు చూస్తున్నప్పుడు మొహం పక్కకి తిప్పి కరుస్తున్నాను.

ఇప్పుడు రూళ్ళకర్ర కొత్త కాగితం తెచ్చాడు. ఒంటి చేతి చాకు కావలసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చట. కింద ఒక గడి, ‘కారణం’ అని. దాని పక్కన చిన్న అక్షరాల్లో, ‘అవసరమైనచో డాక్టరు పత్రం జతపరచవలెను.’ చూశావా అత్తా, నేను చెయ్యి పాడైందని రాస్తే చాకు వస్తుంది, బల్ల పోతుంది. రాయకపోతే బల్ల ఉంటుంది, పళ్ళు పోతాయి.

ఇదంతా చదివి జాలిపడి తోక చాకు చేశావో, ఊరుకోను. జాలితో చేసిందైతే నాకు వద్దు. నువ్వు ఛీ కొట్టినప్పుడే నయం. చెయ్యి బాగున్నప్పుడు కూడా నాకు ఆ చాకే ఇష్టం. ఆ ఒక్క మాట ఎవరూ నమ్మడం లేదు.

కందిరీగ


చాకుల కొట్టు, ఎప్పటిలాగే నిలబడి
ఏప్రిల్ 8

కందిరీగా,

ఆరు నెలలు దాచి, చివరికి పంటి బిగువున నెట్టుకొచ్చావన్న మాట. మామూలుగా ఆ మాట అంటాం గాని నిజంగా పళ్ళతో నెట్టుకొచ్చిన దాన్ని నిన్నే చూశాను. చదువుతూ ఏడ్చాను. తరవాత కోపం వచ్చింది. నీ మీద కాదు, నా మీద. నువ్వు నిజం చెప్పావు, నేను చెప్పలేదు.

సొరుగులోది నా కోసమే చేసుకున్నాను. నీకు ఎనిమిదేళ్ళు అప్పుడు. నాకు తోక అంటే పిచ్చి. రెండు చేతులూ మర్యాదా అని నీకు రాసినదంతా ఆ తరవాత నేర్చుకున్న మాటలు. బ్లేడు మూసి ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఆవగింజలో సగం ఉండే ఒక ఉక్కు గుండు. అది బ్లేడులో తొలిచిన గుంటలో కూర్చుంటుంది. గుంట లోతు ఎక్కువైతే తోక నొక్కి నొక్కి వేలు పుండవుతుంది. తక్కువైతే చాకు దానంతటదే తెరుచుకుంటుంది. నేను వెంట్రుకవాసి తక్కువ తొలిచాను. వేలికి హాయిగా ఉండాలని.

మూడో రోజున వెనక జేబులో పెట్టుకొని పీట మీద కూర్చున్నాను. అంతకంటే రాయను. నెల రోజులు బోర్లా పడుకున్నాను. సెగ్గడ్డ అని అందరికీ చెప్పాను. కట్టు కట్టిన నర్సుకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. చాకులు చేసే మనిషి తన చాకు మీద తనే కూర్చుందంటే నా కొట్టుకి ఎవడైనా వస్తాడా? పీట తీసుకెళ్ళి వీధిలో పెట్టాను, ఎవరో పట్టుకుపోయారు. అప్పటి నుంచి జేబులో చాకు ఉండగా నేను కూర్చోలేదు. నా జేబులో చాకు లేని రోజు లేదు. నీ ప్రశ్నకి ఇదే జవాబు.

నవ్వుకున్నావా? నవ్వుకో.

చాకు చేస్తాను. జాలితో కాదు, పంతంతో. ఇరవై నాలుగేళ్ళుగా ఒక గుంట ముందు తోక ముడిచి తిరిగాను. ఇక చాలు. నాలుగేళ్ళ కింద కొన్నానని మొదటి ఉత్తరంలోనే రాశావు, చెయ్యి పోయి ఆరు నెలలు. నీది ఇష్టమేనని లెక్క రాని వాడికైనా తెలుస్తుంది. నేను నమ్ముతున్నాను.

కాని ఒక మాట వింటావా? చెయ్యి సంగతి నువ్వే చెప్పు. పక్క బల్ల ఆవిడకి తెలియాలి, ఆ రూళ్ళకర్రకి తెలియాలి. నీ చెయ్యి జారితే పట్టుకోవలసినవాళ్ళు వాళ్ళు. దాచిన చెయ్యి నా చాకు కన్నా ప్రమాదం. చెప్పినంత మాత్రాన కారణం గడిలో అదే రాయాలని ఎక్కడా లేదు.

ఇక పని మాట. తోకని ఎలా తెరుస్తావు, లాగుతావా, నొక్కుతావా? బ్లేడు ఎంత పొడుగు? స్ప్రింగు కావాలా? ఏ జేబు? వివరంగా రాయి, బాగుంటే చాలు అని రాశావంటే చింపేస్తాను.

అత్త


కోత బల్ల దగ్గర, అందరూ భోజనానికి వెళ్ళాక
ఏప్రిల్ 20

అత్తా,

నవ్వాను. పక్క బల్ల ఆవిడ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగేంత నవ్వాను. తరవాత సానరాయి కింద కూర్చున్న నన్ను చూస్తూ నువ్వు నిలబడి తినడం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. అంత నొప్పితో కూడా నాకు చాకు పట్టుకోవడం నేర్పించావు.

ఆవిడకి ఈ రోజు చెయ్యి చూపించాను. నా బొటనవేలు పట్టుకొని కాసేపు వంచి చూసి, “పై అర మీద చుట్టలు ఇక నేను దించుతాలే” అని వెళ్ళిపోయింది. ఆరు నెలలు దేనికి భయపడ్డానో తెలియలేదు.

ఇప్పుడు నా ఇష్టాలు. ఒక్కటి కూడా తగ్గించుకోను, సిద్ధంగా ఉండు.

నేను తోకని నొక్కుతాను. స్విచ్చి వేసినట్టు కిందికి లాగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని చూస్తే నాకు చిరాకు. గంట బటను నొక్కినట్టు, నేరుగా పిడిలోకి. కాబట్టి తోక మొనదేలి ఉండకూడదు, వేలి కొన ఆనేంత వెడల్పు ఉండాలి. దాని మీద మూడు గీతలు చాలు. గుడ్డకి పూసే మైనం నా వేలికి ఎప్పుడూ అంటుకొని ఉంటుంది, జారకూడదు. అయిదు గీతలు పెడితే ఆకురాయి అవుతుంది.

స్ప్రింగు వద్దు. స్ప్రింగు ఉంటే అది తెరుచుకుంటుంది. నేను తెరవాలి.

బ్లేడు నా అరచేతి అడ్డం కంటే పొడుగు వద్దు. మొన సూదిలా ఉంటే కింది పొర చిరుగుతుంది, పైనుంచి కిందికి వంగి మొద్దుగా ఉండాలి. బరువు పిడిలో ఉండాలి. చప్పుడు టక్ అనాలి, టప్ అనకూడదు. ఆ తేడా నీకు చెప్పక్కర్లేదు. పిడి ఎరుపు చెక్క. నల్ల గుడ్డ మీద నల్ల చాకు పెట్టి అరగంట వెతికిన మనిషిని నేను. కుడి పక్క జేబు, తోక వెనక్కి. తెరిచిన బ్లేడుని ఆపి ఉంచే లోపలి రేకు, మూసేటప్పుడు బొటనవేలితో పక్కకి నెట్టేది, నా వేలికి మెత్తగా ఉండాలి, బ్లేడుకి గట్టిగా ఉండాలి. ఎలా అని అడక్కు, నువ్వు చాకులవాళ్ళ ఆడపడుచువి.

గుండు గట్టిగానే పెట్టు. వేలు పుండైనా ఫరవాలేదు.

చివరిది. గోటి గాడి పెట్టకు. ఎందుకైనా మంచిదని ఒకటి పెడతావు, నీ సంగతి నాకు తెలుసు. వద్దు.

కందిరీగ


చాకుల కొట్టు
జూన్ 2

కందిరీగా,

ఈ డబ్బాలో ఉన్నది నీది. గాడి లేదు. పెట్టాలని రెండుసార్లు చెయ్యి లేచింది, రెండుసార్లూ దించుకున్నాను.

తోక నాలుగుసార్లు మార్చాను. మొదటిది నాకు నచ్చింది, నీకు నచ్చదు. నేను లాగే మనిషిని. నీలా నొక్కడం అలవాటు చేసుకొని చేశాను, ముసలితనంలో చూపుడువేలికి కొత్త కాయ కాసింది. చప్పుడు విను. టప్ అంటే తిరిగి పంపు.

వేలు పుండైనా ఫరవాలేదన్నావు, ఆ మాట నాకు నచ్చలేదు. నా చాకు తెరిచి ఎవరి వేలూ పుండవదు. గుంట ఆరు బ్లేడుల మీద తొలిచి చూశాను. అయిదు పారేశాను. ఆరోది నీ చేతిలో ఉంది. ఎంత లోతు సరిపోతుందో కొలిచి చెప్పే పనిముట్టు నా దగ్గర లేదు. నాకు తెలిసిన పరీక్ష ఒకటే ఉంది.

పక్క దర్జీ దగ్గర పీట అడిగి తెచ్చాను. చాకు వెనక జేబులో పెట్టుకున్నాను. అప్పటిలాగే, అదే పక్క. కూర్చోవడానికి మొదటి రోజు గంట పట్టింది. పీట ముందు నిలబడి, వంగి, మళ్ళీ లేచి, చెమటలు పట్టి, దర్జీ వచ్చి నడుం పట్టిందా అని అడిగాడు. తిట్టి పంపేశాను. ఆ తరవాత కూర్చున్నాను. పదిహేను రోజులు దాని మీద కూర్చున్నాను. కూర్చునే సానబెట్టాను, కూర్చునే బేరమాడాను, బస్సులో రెండు ఊళ్ళు వెళ్ళి వచ్చాను. గతుకుల రోడ్డు కావాలని ఎంచుకున్నాను. తెరుచుకోలేదు.

దర్జీ పీట దర్జీకి ఇచ్చేశాను. చాకు తుడిచే పంపుతున్నాను, అనుమానపడకు.

పిడి చెక్క గట్టిది. కొరికావంటే పళ్ళే ఊడతాయి. వెళ్ళు, ఆ కాగితం నింపు.

అత్త


కోత బల్ల దగ్గర
జూన్ 21

అత్తా,

టక్ అంది.

ఇక మిగతాది విను. కాగితంలో కారణం గడిలో ఒక్క మాట రాశాను, ‘ఇష్టం’. రూళ్ళకర్ర పిలిపించాడు. ఆయన గదిలో రెండు కుర్చీలు ఉన్నాయి, నేను నిలబడే ఉన్నాను. నీ పోలికే.

“ఇది కారణం కాదమ్మా” అన్నాడు.

“నాకున్నది అదేనండి” అన్నాను. ఆ తరవాత ఎడమ చెయ్యి ఆయన బల్ల మీద పెట్టాను. అక్టోబరు నుంచి జరిగినదంతా చెప్పాను, పళ్ళ సంగతి కూడా. ఆయన చాలాసేపు ఆ చేతినే చూశాడు. చెడ్డవాడు కాదు అత్తా, అందుకే కష్టం. చెడ్డవాడైతే తిట్టేసి వచ్చేదాన్ని.

“మరి అదే రాయండి. డాక్టరు పత్రం పెడితే ఇప్పుడే సంతకం చేసేస్తాను. ఎందుకీ మొండితనం?”

“అది రాస్తే మీరు ఒక సంతకం కాదు, రెండు చేస్తారండి. చాకు ఇవ్వడానికి ఒకటి, నన్ను మడత బల్లకి పంపడానికి ఒకటి.”

ఆయన తీసిన పెన్నుకి మళ్ళీ మూత పెట్టాడు. అంటే నిజమే. నేను పనిముట్ల రిజిస్టరు తెప్పించమన్నాను. మా గేటు దగ్గర ఎవరి సొంత పనిముట్టు లోపలికి వచ్చినా తేదీ వేసి రాస్తారు. నా బజారు చాకు నాలుగేళ్ళ కిందటి పేజీలో ఉంది, ‘తోక చాకు, ఒకటి’ అని. “చెయ్యి పోయింది నిరుడు అక్టోబరులో. చాకు వచ్చింది ఇదిగో, ఈ పేజీలో ఉన్న తేదీన. కారణం ఏది ముందు పుట్టిందో మీరే చూడండి. నా చెయ్యి రేపు బాగైనా నేను ఇదే చాకు పట్టుకుంటాను. బాగవకపోయినా ఇదే పట్టుకుంటాను. నాకు చేతకాదని ఇస్తే మాత్రం వద్దు” అన్నాను.

“కోసి చూపించండి” అన్నాడు.

అందరూ చేరారు. మూడు పొరల నల్ల గుడ్డ, పన్నెండు అడుగులు. ఎడమ అరచెయ్యి మడత మీద నొక్కి పెట్టి, కుడి చేత్తో నీ చాకు తీశాను. టక్. అంత మంది ఉన్నా ఆ చప్పుడు వినిపించింది. చివరిదాకా ఒక్క ఊపున వెళ్ళాను. రూళ్ళకర్ర తన స్కేలు తీసి కోత పొడవునా పెట్టుకుంటూ నడిచాడు, పన్నెండు అడుగులూ. సందు దొరకలేదు. మళ్ళీ ఇవతలి నుంచి కొలుచుకుంటూ వచ్చాడు.

తరవాత గదిలో చాకు అడిగి తీసుకున్నాడు. తోక లాగాడు, రాలేదు. “లాగకండి, నొక్కండి” అన్నాను. టక్. ఆయన మొహం చూడవలసింది అత్తా. మూశాడు. టక్. నిబంధనల గురించి చెబుతూ టక్, బరువైన చుట్టలు ఎత్తకూడదంటూ టక్, నెలనెలా డాక్టరుకి చూపించుకోవాలంటూ టక్. పదకొండుసార్లు లెక్కపెట్టాను.

“ప్యాకింగు పెద్దాయన కూడా ఇలాగే మొదలుపెట్టారండి” అన్నాను.

చాకు నా ముందు పెట్టేశాడు. చుట్టలు ఎత్తను, డాక్టరుకి చూపించుకుంటాను, బల్ల దగ్గర తప్ప చాకు తెరవను, ఈ మూడూ ఒప్పుకున్నాను. అవి న్యాయమే. అప్పుడు కాగితం మీద నా మాట పక్కనే రాశాడు. నకలు నా దగ్గర ఉంది. ‘ఇష్టం. అనుమతించడమైనది.’ కింద సంతకం, ముద్ర. సంతకం ఒకటే.

నేను తలుపు దాకా వచ్చాక గొంతు సవరించుకొని, ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మా అత్త చేస్తుందని చెప్పాను. తనకొకటి కావాలట. ఏమని చెప్పమంటావు?

చెయ్యి అలాగే ఉంది. నిన్న బొటనవేలు కొంచెం కదిలినట్టు అనిపించింది, నా భ్రమ కావచ్చు. రాత్రి నాన్న పక్కన కూర్చున్నాను. ఆయనకీ అంతా చెప్పాను, నీ సెగ్గడ్డ తప్ప.

కందిరీగ


చాకుల కొట్టు
జూలై 1

కందిరీగా,

నీ కాగితం నకలు ఇంకొకటి పంపు. కొట్లో గోడకి అంటిస్తాను.

మీ రూళ్ళకర్రకి చెప్పు, చాకు చేస్తాను. ముందు ఒక తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి పంపమను. కింద ఒక గడి గీసి, కారణం రాయమను. స్టీలు స్కేలుతో బతికేవాడికి చాకు అవసరమని రాశాడో, తిప్పి పంపుతాను. ఏం రాయాలో తెలియకపోతే నిన్ను అడిగి తెలుసుకోమను.

కింది సొరుగులోది మొన్న బయటికి తీశాను. నూనె గుడ్డ రాయిలా బిగుసుకుపోయింది, చాకుకి మాత్రం తుప్పు పట్టలేదు. గుంట వెంట్రుకవాసి లోతు చేశాను. అంతే, అయిదు నిమిషాల పని. ఇరవై నాలుగేళ్ళు పట్టింది.

బజారుకి వెళ్ళి పీట కొన్నాను. ఆ చాకే వెనక జేబులో ఉంది. ఈ ఉత్తరం కూర్చునే రాస్తున్నాను.

అత్త